సెకనుకు పన్నెండు క్లిక్కులు

పూతరేకు తనంతట తానే లేవాలి, తనంతట తానే మడతపడాలి. చెయ్యి కనపడకూడదు, దారం కనపడకూడదు. ముప్ఫై సెకన్ల ఆ మాయ కోసం రాజమండ్రిలో అయిదుగురు విద్యార్థులు పడ్డ పాట్లు ఇవి.

టీవీలో ప్రకటన రాగానే చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. ఫోన్‌లో అయితే 'స్కిప్' కనపడేదాకా బొటనవేలు కాచుకుని ఉంటుంది. మనం ఇంతగా తప్పించుకు తిరిగే ఆ ముప్ఫై సెకన్లను స్టాప్‌మోషన్‌లో తీయాలంటే, ఎంత పొదుపుగా లెక్కేసుకున్నా 360 ఫోటోలు కావాలి.

లెక్క చిన్నదే. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫోటోను రెండేసి ఫ్రేములు నిలిపినా కన్ను పెద్దగా పేచీ పెట్టదు కాబట్టి సెకనుకు 12 ఫోటోలతో సరిపెట్టుకోవచ్చు. వస్తువును వెంట్రుకవాసి జరపాలి, చెయ్యి తీసెయ్యాలి, క్లిక్ కొట్టాలి. మళ్లీ జరపాలి, మళ్లీ క్లిక్. పన్నెండుసార్లయితే ఒక సెకను. పదకొండోసారి ఎవరి మోచెయ్యో బల్లకు తగిలిందంటే అంతవరకూ చేసింది గోదాట్లో కలిసినట్టే.

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో మీడియా కోర్సు చదివే అయిదుగురు పిల్లలు ఈ పనికి పూనుకున్నారు. సెమిస్టర్ ప్రాజెక్టు అది: మన ప్రాంతపు సరుకు ఏదైనా తీసుకుని ముప్ఫై సెకన్ల ప్రకటన తీయాలి. మిగతా బృందాలు డ్రోన్ అద్దెకు తెచ్చి పుష్కరఘాట్ మీద ఎగరేద్దామని చూస్తుంటే, వీళ్లు ఆత్రేయపురం పూతరేకును పట్టుకున్నారు. మిఠాయి దుకాణం నడిపే ఒకాయన రేకులు ఊరికే ఇస్తానన్నారు. బదులుగా సినిమా పూర్తయ్యాక తనకో కాపీ ఇవ్వాలి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాళ్లు అద్దెకు తీసుకున్న మేడమీది గదిలో కొన్ని రాత్రులు ఓ మూల స్టూలు మీద కూర్చునే అవకాశం నాకు దొరికింది. కదలకుండా కూర్చోవాలన్నది షరతు.

పడవ మునిగింది

మొదటి స్క్రిప్టులో లేనిది లేదు. కొబ్బరిచెట్లు, గోదారి మీద పడవ, పడవలో పెళ్లివారు, తాతయ్య, అమెరికా నుంచి దిగిన మనవరాలు, ఆమె కన్నీళ్లు, చిట్టచివర పూతరేకు. కన్నీటి చుక్కను గ్లిజరిన్‌తో చేద్దామా, హెయిర్ జెల్‌తోనా అన్న చర్చ కూడా జరిగిపోయింది. లెక్చరర్ కాగితం చదివి ఒకే ప్రశ్న వేశారట: "ఇందులో అమ్ముతున్నది పూతరేకునా, పడవనా?"

విద్యార్థుల ప్రకటనలు చాలావరకు చతికిలబడేది ఇక్కడే. ముప్ఫై సెకన్లలో ఒక్క మాట చెప్పగలం. రెండోది చెప్పబోతే మొదటిదీ పోతుంది. మామూలు షూటింగ్‌లో అయితే అదనపు పాత్ర అంటే బతిమాలి పిలుచుకొచ్చిన ఒక స్నేహితుడు, అతనికో బిర్యానీ పొట్లం. స్టాప్‌మోషన్‌లో అదనపు పాత్ర అంటే అదనపు బొమ్మ. దానికి అల్యూమినియం తీగ మెలిపెట్టి ఎముకలు చేయాలి, పైన ప్లాస్టిసిన్ మట్టితో కండ పెట్టాలి, పడిపోకుండా పాదాలను నేలకు బిగించాలి. పడవలో పెళ్లివారు పదిమంది అంటే ప్రతి క్లిక్కుకూ ఆ పదిమందినీ కదపాలి.

చిక్కుముడి విప్పింది అయిదుగురిలో అమలాపురం నుంచి వచ్చిన అమ్మాయి. "పూతరేకు అంటే ఏంటో తెలీనోడు చూస్తే ఏమనుకుంటాడు? తెల్ల కాగితం అనుకుంటాడు. ఆ కాగితం తనే మడతపడి, పుటుక్కున విరిగి, లోపల పంచదార కనపడితే చాలదేంట్రా?" చాలన్నారు. పడవ మునిగింది. తాతయ్య, మనవరాలు, పెళ్లివారు అందరూ అందులోనే ఉన్నారు.

ముందు కత్తెర, తర్వాత కెమెరా

కెమెరా పట్టుకున్న ప్రతి కుర్రాడి నోటా వినపడే మాట ఒకటుంది: "ఎడిటింగ్‌లో చూసుకుందాం." మామూలు వీడియోకు అది చెల్లుతుంది. గంటసేపు తీసి అందులోంచి అరనిమిషం ఏరుకోవచ్చు. స్టాప్‌మోషన్‌లో గంటసేపు కూర్చుంటే వచ్చేది రెండు మూడు సెకన్లు, అదీ చెయ్యి తిరిగినవాళ్లకు. అందులోంచి ఏరుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ కత్తెర పని ముందు, కెమెరా పని తర్వాత. ఏ షాటు ఎన్ని సెకన్లు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది అన్నది మొదటి క్లిక్కుకు ముందే తేలిపోవాలి. నా మట్టుకు నాకు ఈ విద్యలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే అనిపిస్తుంది. మట్టిబొమ్మలు, లైట్లు తర్వాతి ముచ్చట. 'తర్వాత చూద్దాం' అనే అలవాటును ఇంత నిర్దాక్షిణ్యంగా మాన్పించే పని విద్యార్థులకు ఇంకొకటి దొరకదు.

వీళ్ల పని ఆత్రేయపురంలో మొదలైంది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్లారు. అక్కడి పూతరేకుకు 2023లో జీఐ ట్యాగ్ వచ్చిన సంగతి పేపర్లలో చదివారు గానీ, రేకు పుట్టడం అయిదుగురిలో నలుగురు అప్పటిదాకా చూడలేదు. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పలచటి బియ్యప్పిండి నీళ్లు. పల్చని గుడ్డను పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, వేడి కుండ మీద ఒక్క విసురు. గుడ్డ దాటిపోయిన చోటల్లా తెల్లటి పొర నిలిచిపోతుంది. చూస్తుండగానే అంచు లేస్తుంది. దాన్ని చేత్తో అందుకుని పక్కన పెడతారు.

తుని కుర్రాడు ఫోన్‌ను స్టాండుకు బిగించి మొత్తం వీడియో తీశాడు. ఇది ప్రకటన కోసం కాదు, చూసి నేర్చుకోవడం కోసం. రాత్రి గదిలో దాన్ని ఒక్కో ఫ్రేమూ ఆపి చూశారు. రేకు అంచు ముందు కొంచెం వణికి, ఒక మూల లేచి, ఆ తర్వాతే మిగతాది ఊడుతుంది. అది పట్టుకోవాలి. వస్తువు కదలడం మొదలెట్టేటప్పుడు మెల్లగా కదులుతుంది, మధ్యలో వేగం అందుకుంటుంది, ఆగబోయేటప్పుడు మళ్లీ నెమ్మదిస్తుంది. అంటే మొదట మిల్లీమీటరు, తర్వాత రెండు, తర్వాత అయిదు, మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. అన్ని క్లిక్కులకూ ఒకే దూరం జరిపితే తెర మీద ఏదో తాడు కట్టి లాగినట్టుంటుంది తప్ప ప్రాణం ఉండదు.

అదే ప్రయాణంలో వాళ్లు తెచ్చుకున్న ఇంకో ముఖ్యమైన సరుకు గొంతు. కుండ దగ్గర కూర్చున్న ఆవిడ పని ఆపకుండానే మాట్లాడారు: "ఎండిన రేకు తిన్నగా మడతెడితే ముక్కలైపోద్దండి. తడిగుడ్డ అద్ది మెత్తబరుచుకోవాలి. ఆయ్, దానికి తొందర పనికిరాదు." ఆవిడ అనుమతి అడిగి ఆ మాటలను రికార్డు చేశారు. ప్రకటనలో వినపడేది ఆ గొంతే. మైకు ముందు నిలబడి చిలకపలుకులు చదివే వాయిస్ ఓవర్ కంటే అది ఎంత నయమో చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతికి పెద్ద మనుషుల అండ ఉంది. బ్రిటన్‌లో నిక్ పార్క్ తీసిన 'క్రీచర్ కంఫర్ట్స్' (1989) పుట్టింది ఇలాగే. మామూలు జనం తమ ఇళ్ల గురించి చెప్పుకున్న మాటలు ముందు రికార్డు చేసి, తర్వాత వాటిని జూలో జంతువుల మట్టిబొమ్మల నోట పెట్టారు. దానికి 1991లో ఆస్కార్ వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ ఏడు పోటీలో ఓడిపోయిన సినిమాల్లో ఒకటి కూడా ఆయనదే: 'ఎ గ్రాండ్ డే అవుట్'. వాలెస్, గ్రోమిట్ పాత్రలను లోకానికి పరిచయం చేసిన ఆ సినిమాను ఆయన నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్‌లో విద్యార్థిగా 1982లో మొదలుపెట్టాడు. 1989లో గానీ పూర్తి కాలేదు. సెమిస్టర్ గడువు గురించి గొణిగేవాళ్లకు ఈ సంగతి చెప్పొచ్చు, లెక్చరర్లు వినకుండా.

కాకినాడ కుర్రాడు డ్రాయింగ్ షీటు మీద ఎనిమిది గళ్లు గీసి ఎనిమిది షాట్లు బొమ్మలేశాడు. ఒక్కో బొమ్మను ఫోన్‌తో ఫోటో తీసి, అనుకున్నన్ని సెకన్లు నిలిపి, కింద ఆవిడ గొంతు పెట్టి ముప్ఫై సెకన్ల వీడియో చేశారు. దీన్నే యానిమాటిక్ అంటారు. పెన్సిల్ గీతలతో ఉన్న ఆ కదలని సినిమాను వాట్సాప్‌లో ఆత్రేయపురం పంపిస్తే, పావుగంటలో ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది: "ముందు పంచదార చల్లి తర్వాత నెయ్యి పోత్తన్నారేంటమ్మా? నెయ్యి రాత్తేనే కదా పంచదార పట్టుకునేది!"

రెండు బొమ్మలు అటూఇటూ మార్చారు. నిమిషం పని. అదే షూటింగ్ అయిపోయాక తెలిసి ఉంటే 72 ఫోటోలు మళ్లీ తీయాల్సి వచ్చేది.

చివరికి తేలిన లెక్కను ఎక్స్‌పోజర్ షీట్‌లో రాసి గోడకు అంటించారు. కుండ మీద గుడ్డ విసురు 48 ఫోటోలు, రేకు లేవడం 48, పళ్లెంలోకి ఎగరడం 36, నెయ్యి 36, పంచదార 36, మడత 72, విరగడం 36, చివర్న పెట్టె మీద పేరు 48. పేరుకు నాలుగు సెకన్లా అని ఒకరు సణిగారు. చదవడానికి జనానికి వ్యవధి ఇవ్వకపోతే అంతవరకూ పడ్డ కష్టం పక్క దుకాణానికి పోతుంది. నాలుగూ ఉంచారు.

అగ్గిపుల్లల కాలం నుంచి

కాసేపు గదిలోంచి బయటికొద్దాం. కదలని వస్తువును కదిలించి చూపే ఈ మాయకూ అమ్మకానికీ ఉన్న చుట్టరికం దాదాపు సినిమా అంత పాతది. ఆర్థర్ మెల్బర్న్ కూపర్ అనే ఇంగ్లండ్ ఆయన తీసిన 'మ్యాచెస్ అపీల్'లో అగ్గిపుల్లల మనిషి నిచ్చెనెక్కి, సైనికులకు అగ్గిపెట్టెలు పంపడానికి విరాళం ఇవ్వండని గోడ మీద రాస్తాడు. అది 1899 నాటిదని కొందరు, కాదు 1914 నాటిదని మరికొందరు ఇప్పటికీ తగువాడుకుంటారు.

మన దగ్గర దాదాసాహెబ్ ఫాల్కే కథ ఇంకా బాగుంటుంది. 1912లో లండన్ వెళ్లి కెమెరా తెచ్చుకున్నాడు గానీ సినిమా తీస్తానంటే డబ్బు పెట్టేవాళ్లు లేరు. అప్పుడాయన కుండీలో బఠానీ నాటి, దాని ముందు కెమెరా నిలిపి, నెల రోజులకు పైగా దాని ఎదుగుదలను ఒక్కో ఫ్రేమూ తీశాడు. తెర మీద నిమిషం నిడివిలో గింజ మొలకెత్తి మొక్కయింది. అది చూసి పెట్టుబడి కదిలింది. మరుసటి ఏడాదే 'రాజా హరిశ్చంద్ర' వచ్చింది. ఏ వస్తువునూ చేత్తో జరపలేదు కాబట్టి అది అచ్చంగా స్టాప్‌మోషన్ కాదని పండితులు అనొచ్చు. ఫ్రేము తర్వాత ఫ్రేము ఓపికగా పోగేసి ఎదుటివాడి జేబు తెరిపించడం మాత్రం అచ్చంగా ప్రకటనల పనే. 1915లో ఆయన అగ్గిపుల్లలనే కదిలిస్తూ 'ఆగ్‌కాడ్యాంచీ మౌజ్' అని ఇంకో సినిమా తీశాడు. అది ఇప్పుడు మిగల్లేదు.

1930లలో హంగేరీ నుంచి వెళ్లి హాలండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో పనిచేసిన జార్జ్ పాల్, ఫిలిప్స్ రేడియోల కోసం చెక్కబొమ్మలతో ప్రకటన చిత్రాలు తీశాడు. ఆయన పద్ధతి వేరు. ఒకే బొమ్మను వంచడం, తిప్పడం కాదు. ఒక్కో కదలికకు ఒక్కో బొమ్మ విడిగా చెక్కించి, ప్రతి ఫ్రేముకూ పాతది తీసి కొత్తది పెట్టేవాడు. రీప్లేస్‌మెంట్ అంటారు దీన్ని. తర్వాత అమెరికాలో ఆయన తీసిన ఒక్కో పొట్టి చిత్రానికి వేల కొద్దీ ముక్కలు చెక్కేవారు. మన మడతల కథలో ఈయన మళ్లీ వస్తాడు.

'క్రీచర్ కంఫర్ట్స్' తయారైన బ్రిస్టల్ ఆర్డ్‌మన్ స్టూడియో మూలాలు కూడా విద్యార్థి దశలోనే ఉన్నాయి. బళ్లో స్నేహితులైన పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ వంటింటి బల్ల మీద మొదలెట్టిన ఆట 1972లో సంస్థ అయింది. వాళ్ల ఇంట్లో అన్నం ఎక్కడ తినేవారో మరి.

ఇక తెలుగువాళ్లకు దగ్గరి సంగతి అమరాన్ బ్యాటరీ. తిరుపతి కేంద్రంగా ఎదిగిన అమరరాజా సంస్థ 2000 తర్వాత తన బ్యాటరీలను దేశమంతటికీ పరిచయం చేసింది మట్టిబొమ్మల ప్రకటనలతోనే. కారు బ్యాటరీ అంటే బానెట్ కింద దాక్కునే నల్లడబ్బా, దాన్ని చూపించి నవ్వించడం అంత తేలిక కాదు. ముంబయిలోని ఫేమస్ హౌస్ ఆఫ్ యానిమేషన్‌లో ఆ ప్రకటనలకు ప్రాణం పోసినవాడు సురేశ్ ఎరియాట్, అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో చదువుకున్నవాడు. తర్వాత ఆయనే ఈక్సారస్ స్టూడియో పెట్టి 'టోక్రీ' అనే స్టాప్‌మోషన్ లఘుచిత్రాన్ని ఏళ్ల తరబడి చెక్కాడు. బ్యాటరీ ప్రకటన డబ్బు తెస్తుంది, ఆ డబ్బు సొంత సినిమాను పోషిస్తుంది. ఈ రంగంలో బతుకుతున్న స్టూడియోల్లో చాలావాటి జమాఖర్చు ఇదే.

ఫ్యాను ఆపండి

మేడమీది గదికి తిరిగొద్దాం. ఏప్రిల్ నెల. కిటికీలకు నల్ల చార్టులు, వాటి మీద దుప్పట్లు. ఎండ పొద్దు ఎక్కేకొద్దీ రంగు మారుతుంది కాబట్టి ఒక్క కిరణం కూడా లోపలికి రాకూడదు. రాత్రే తీస్తున్నా ఎదురింటి వరండా లైటు ఒకటుంది, వాళ్లు పదింటికి ఆర్పేస్తారు. ఆర్పకముందు తీసిన ఫోటోకూ ఆర్పిన తర్వాతి ఫోటోకూ వెలుగు తేడా వస్తుంది. ఫ్యాను వేస్తే రేకులు ఎగిరిపోతాయి. కాబట్టి ఫ్యాను లేదు. అందరూ ముదురు రంగు టీషర్టుల్లోనే ఉండాలి. తెల్లచొక్కా వేసుకుని బల్ల పక్కన నిలబడితే దాని మీంచి వెలుగు తిరిగొచ్చి కుండ మీద పడుతుంది. మొదటి రాత్రి నేను తొడుక్కెళ్లింది తెల్లచొక్కాయే. మర్యాదగానే, కానీ వెంటనే, నాకో నల్ల టవల్ కప్పారు.

కెమెరా కాలేజీది, పాత డీఎస్ఎల్ఆర్. లాప్‌టాప్‌కు కలిపారు. పెద్ద స్టూడియోలు వాడే డ్రాగన్‌ఫ్రేమ్ వంటి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత వీళ్లకు లేదు. చిన్న ప్రోగ్రాం ఒకటి దొరికింది. దాంట్లో కావలసిన ఒక్క సదుపాయం ఉంది: ఇంతకుముందు తీసిన ఫోటో ఇప్పటి దృశ్యం మీద లీలగా కనపడుతుంది. ఆనియన్ స్కిన్ అంటారు. ఎంత జరిపామో, ఇంకెంత జరపాలో దాంతో తెలుస్తుంది. ఫోన్‌తో తీసేవాళ్లకూ ఈ సదుపాయమున్న యాప్‌లు ఉన్నాయి. కాకపోతే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవకూడదు, సరిగ్గా నూటయాభయ్యో ఫోటో దగ్గరే ఊరినుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. మీట నొక్కడానికి తెరను తాకకుండా ఇయర్‌ఫోన్ బటన్‌తో కొట్టాలి.

కెమెరాలో 'ఆటో' అన్నది ఎక్కడున్నా తీసెయ్యాలి. ఫోకస్, వెలుగు, రంగు అన్నీ చేత్తో బిగించాలి. అన్నీ బిగించాక కూడా మొదటి 40 ఫోటోలు కలిపి చూస్తే బొమ్మ మిణుకు మిణుకుమంది. ఎందుకో అంతుపట్టక సగం రాత్రి పోయింది. తప్పు బల్బుదనుకున్నారు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టరు మరీ వేగంగా ఉంటే ఆ మిణుకులు ఒక్కో ఫోటోలో ఒక్కోలా పడతాయి. షట్టరును సెకనులో పదో వంతుకు తగ్గించారు. సగం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మిగతా సగానికి కారణం లెన్సు. దాని లోపల వెలుగును కుదించే సన్నని లోహపు రేకులుంటాయి, ప్రతి క్లిక్కుకూ మూసుకుని తెరుచుకుంటాయి, మూసుకున్న ప్రతిసారీ కచ్చితంగా ఒకే చోట ఆగవు. తెలిసిన ఓ ఫోటోగ్రాఫర్ దగ్గర పడి ఉన్న పాత లెన్సు ఒకటి అడిగి తెచ్చారు. దాని రేకులను చేత్తో తిప్పి ఒకచోట నిలిపితే అక్కడే ఉంటాయి. మిణుకు ఆగింది.

షట్టరు నెమ్మదించాక కొత్త గొడవ: కింద రోడ్డు మీద లారీ పోతే బొమ్మ చెదురుతుంది. ట్రైపాడ్ కాళ్లను హాట్‌గ్లూతో నేలకు అంటించి, ఒక్కో కాలికీ ఇటుక కట్టారు. అప్పటినుంచి లారీ చప్పుడు పూర్తిగా సద్దుమణిగాకే క్లిక్.

పంచదార తెచ్చిన బాధ వేరు. తీసిన ఫోటోలు వరసగా తిప్పుతుంటే పళ్లెం అంచున ఒక చుక్క. తర్వాతి ఫోటోలో అది కాస్త జరిగింది. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త. "ఒరే, మనకన్నా స్మూత్‌గా యానిమేట్ చేస్తందిరా ఇది!" అని నవ్వాడు తుని కుర్రాడు. చీమ. బల్ల నాలుగు కాళ్ల చుట్టూ చీమల సుద్దతో గీతలు గీసి, పళ్లెంలో పంచదారకు బదులు మెత్తగా నూరిన సుద్దపొడి చల్లారు. నెయ్యి కూడా అసలుది కాదు. లైట్ల వేడికి అది ఫోటో ఫోటోకూ పాకిపోతుంది. పసుపు కలిపిన హాట్‌గ్లూతో మిణుగురంత చుక్క దగ్గర్నుంచి రూపాయి బిళ్లంత మడుగు దాకా పద్దెనిమిది సైజుల్లో 'నెయ్యి' పోసి ఆరబెట్టారు. ఒక్కోటీ తీసి ఇంకో పెద్దది పెడుతూ పోతే నెయ్యి పరుచుకున్నట్టుంటుంది. విరిగే షాటులో మాత్రం అసలు పూతరేకే ఉండాలని అమలాపురం అమ్మాయి పట్టుబట్టింది. తినే వస్తువును అమ్ముతూ ఆ ఒక్క షాటులోనూ మోసం చేస్తే ఎలా అన్నది ఆమె వాదన. నాకు నచ్చింది.

ఇక మడత. ప్రకటన మొత్తానికీ ఆయువుపట్టు ఆ ఆరు సెకన్లు. అసలు రేకుతో తీయబోతే, తడిగుడ్డ అద్దిన కాసేపటికే ఆరి పెళుసెక్కుతుంది. ఒక్కో ఫోటోకు నిమిషం పడుతుంటే రెండో మడతకే చిట్లింది. మెత్తగా ఉన్నంతసేపట్లో పూర్తిచేద్దామంటే చేతులు వణికాయి. జార్జ్ పాల్ ఇక్కడ ఆదుకున్నాడు. భీమవరం అమ్మాయి బటర్ పేపరును రేకు సైజులో కత్తిరించి, దాని మీద పలచటి గంజి పూసి, ఒక్కో ముక్కను కాస్త కాస్త ఎక్కువ మడిచి ఆరబెట్టింది. అంచు కొంచెం లేచింది ఒకటి, పావు వంగింది ఒకటి, సగం వాలింది ఒకటి, అలా. వెనకాల పెన్సిల్‌తో నంబర్లు. గోడ వారగా పాత పేపర్ మీద వాటిని వరసగా పేర్చి పెడితే, ఆరు సెకన్ల కదలిక ఒక్కసారిగా నేల మీద పరుచుకుని కనపడింది. ఆ వరస దాటి బాత్రూముకు వెళ్లాలంటే గోడకు వీపు ఆనించి నడవాలి.

షూట్ చేసేటప్పుడు ఆమె ఒక్కతే బల్ల ముట్టుకోవాలి. ఇది వాళ్లు మొదట్లో పెట్టుకోని నియమం. ఇద్దరు కదిపితే ఇద్దరి చెయ్యి వేరని తెర మీద తెలిసిపోతుంది: ఒకరిది జోరు, ఒకరిది నెమ్మది. ఒకే షాటు మధ్యలో చెయ్యి మారకూడదని మూడో రాత్రి తీర్మానించారు. ఆమె ముక్క మార్చి, వెనక్కి అడుగేసి, "క్లియర్" అంటుంది. తుని కుర్రాడు తెర చూసి క్లిక్ కొడతాడు. కాకినాడ కుర్రాడు షీటులో గడి కొట్టేస్తాడు. మిగిలిన ఇద్దరిలో ఒకరు లారీలకు కాపలా, ఒకరు టీకి. అయిదుగురూ దర్శకులే అయిన మొదటి రెండు రాత్రుల్లో జరిగిన పని చాలా తక్కువ. "నేను చెప్పానా లేదా" అన్న మాట మాత్రం చాలాసార్లు వినపడింది. బృందాల్లో తగువులకు మూలం అభిప్రాయభేదం అనుకుంటాం గానీ, నిజానికి ఎవరి పని ఏదో తేలకపోవడం. గడి కొట్టేసే పని ఒకరికి అప్పజెప్పిన రాత్రి నుంచి గొంతులు తగ్గాయి.

అయినా అరవై ఒకటో ముక్క తర్వాత అరవై మూడు పెట్టేశారు. నాలుగు ఫోటోల తర్వాత గానీ చూసుకోలేదు. ఆనియన్ స్కిన్ సాయంతో వెనక్కి వెళ్లి, లీలగా కనపడే పాత బొమ్మ మీద కొత్తదాన్ని సరిగ్గా కూర్చోబెట్టి కొనసాగించారు. ఆ చోట తెర మీద చిన్న ఉలికిపాటు ఉంది. తెలిసినవాళ్లకే కనపడుతుంది. అయిదుగురూ ఆ సినిమా చూసేటప్పుడు అక్కడ కళ్లు మూసుకుంటారు.

చప్పుడు, ఆ తర్వాత దుకాణాయన

కదలిక పూర్తయ్యాక శబ్దం. సినిమాపాట ఒకటి వేసేద్దామని ఎవరో అనకపోరు, అన్నారు. హక్కులున్న పాట పెడితే అప్‌లోడ్ చేసిన మర్నాడే వీడియో మూగబోవచ్చు. అవసరం కూడా లేదు. గుడ్డ విసురుకు తడి టవల్ విదిలించారు. రేకు లేవడానికి బటర్ పేపరును మైకు దగ్గర మెల్లగా నలిపారు. విరిగే చప్పుడు కోసం అసలు పూతరేకునే విరిచారు, చాలాసార్లు, అవసరానికి మించి. ఆ చప్పుడు రికార్డయ్యాక ముక్కలు ఎక్కడికి పోయాయో అడగనక్కర్లేదు.

లెక్చరర్‌కు నచ్చింది. ఆత్రేయపురం ఆవిడ "నా గొంతు ఇంత లావుగా ఉంటదా?" అని ఆశ్చర్యపోయారు, నెయ్యి మాత్రం ఇంకాస్త పోయాల్సిందన్నారు. చివరగా రేకులిచ్చిన దుకాణాయనకు కాపీ తీసుకెళ్లారు. ఆయన కౌంటర్ దగ్గర నిలబడే ఫోన్‌లో రెండుసార్లు చూశారు.

"బాగుంది బాబూ. చాలా బాగుంది. కానీ ఇది అడ్డంగా ఉందేంటి? స్టేటస్‌లో, రీల్స్‌లో పెట్టాలంటే నిలువుగా ఉండాలి కదా."

అయిదుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎక్స్‌పోజర్ షీటులో ప్రతి ఫ్రేముకూ గడి ఉంది గానీ, ఇది ఎక్కడ ఎవరు చూస్తారన్నదానికి గడి లేదు.

కాపాడింది ఫోటోలే. మామూలు వీడియో తీసి ఉంటే చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. స్టాప్‌మోషన్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి సైజు ఫోటో: అడ్డం 6000 పిక్సెళ్లు, నిలువు 4000. నిలువు వీడియోకు కావలసింది 1080 అడ్డం, 1920 నిలువు. మధ్యలోంచి నిలువు ముక్క కోసుకోవడానికి బోలెడంత చోటుంది. కుండ, నెయ్యి, పంచదార, మడత, విరగడం అన్నీ సరిపోయాయి. రేకు కుడివైపు పళ్లెంలోకి ఎగిరే షాటులో మాత్రం కుండా పళ్లెమూ రెండూ పట్టవు. అందుకని రేకు ఎటు పోతే అటు చట్రాన్ని ఫోటో ఫోటోకూ జరిపారు, 36 సార్లు. అలా జరిపితే కెమెరా రేకు వెంట పరిగెత్తినట్టు వచ్చింది. అడ్డంగా ఉన్న దాని కన్నా ఇదే బాగుందని నా అభిప్రాయం.

పెట్టె మీద పేరు పట్టలేదు. అక్షరాలు అటూ ఇటూ తెగిపోయాయి. సెట్టు అప్పటికి ఇంకా విప్పలేదు. పెట్టెను నిలువుగా నిలబెట్టి ఆ 48 ఫోటోలు మళ్లీ తీశారు. నిలువుది దుకాణాయనకు ఇచ్చి, అడ్డంది కాలేజీలో సమర్పించారు. ఆయన వచ్చే ఏడాది ఉగాదికి ఇంకొకటి కావాలంటున్నారు, ఈసారి కాజా మీద. కాజాకు మడతలుంటాయి గానీ అది ఎగరదు కదా అని వాళ్లు అప్పుడే తర్జనభర్జన మొదలెట్టారు.